రంగు విడిచిన సంచులు

కుట్టుపనిని గూర్చి వ్రాయువారెల్లరును తమకు చక్కగా కుదిరిన పనులనే వ్రాయుట చూచుచున్నాను. అవి చదివి, అట్లే చేయబూని, కుదరనప్పుడు లోపము నాయందే యున్నదని నేను చింతించిన దినములు గలవు. కావున నేను చెడగొట్టిన పనిని గూర్చి వ్రాయదలంచితిని. అందు నా అవివేకము కొంత, బట్ట దోషము కొంత, మొగమాటము చాలవఱకు గలవు.

మా తాతగారు నాకు ఎనిమిదవ యేట అమరము మొదలుపెట్టించిరి. పదునైదేండ్లు నిండునప్పటికి రఘువంశమున కొన్ని సర్గలు, తిక్కనగారి విరాటపర్వము, మనుచరిత్ర ఆయన యొద్దనే చదివితిని. సూది పట్టుట మాత్రము ఎవ్వరును నేర్పలేదు. అత్తవారింటికి వచ్చిన క్రొత్తలో మావారి చొక్కాకు గుండీ కుట్టవలసివచ్చి, జేబును కూడ కలిపి కుట్టివేసితిని. మా అత్తగారు చూచి, "అమ్మాయీ, నువ్వు చదివిన పద్యాలు బాగానే ఉన్నాయి గానీ, వాటిల్లో గుండీ కుట్టడం ఒక్కటి చెప్పలేదా?" అని నవ్విరి. ఆ మధ్యాహ్నమే నన్ను ప్రక్కన కూర్చుండబెట్టుకొని సూదిలో దారము ఎక్కించుట మొదలు చెప్పిరి. అది జరిగి పదునెనిమిదేండ్లయినది.

ఆమెకు వచ్చిన పనులలో నాకు మిక్కిలి నచ్చినది బొంత. మన యిండ్లలో బొంత యన్న చులకన గలదు. బీరువాలోని క్రొత్త దుప్పటి చుట్టములకును, బొంత ఇంటివారికిని. సంస్కృతమున దీనిని కంథ యందురు. వంగదేశపు స్త్రీలు పాతచీరలను దొంతరగా పేర్చి కుట్టు కాంథాకు ఆ పేరే నిలిచినది. కార్యార్థి సుఖదుఃఖములను లెక్కసేయడని భర్తృహరి చెప్పినచోట ఆ కంథ కనబడును. దానిని తెనిగించిన ఏనుగు లక్ష్మణకవి సంకోచింపక బొంత యనియే పెట్టెను. తాతగారు ఆ పద్యము చెప్పిననాడు నాకు బొంత యెట్లుండునో తెలియదు. అత్తగారి మంచముమీద చూచిననాడు, ఆ పద్యములోని వాడు మఱీ అంత కష్టపడలేదని తోచినది.

ఇక బాతిక్ మాట. బెజవాడలో ఒక చేనేత ప్రదర్శనకు పోయినప్పుడు ఆ బట్టను మొదట చూచితిని. ముదురు నీలముపై పసుపుపచ్చని పూలు. ఆ పూల రేకులమీద సాలెగూడు వంటి సన్నని గీతలు. ఆ గీతలు ఎవరు గీసిరని అడిగితిని. అంగడివాడు "ఎవరూ గీయలేదమ్మా, అవి వాటంతటవే పడతాయి" అనెను. ఆ మాట పట్టుకొని ఇంటికి వచ్చి, దొరకిన పుస్తకములన్నియు చదివితిని.

దాని కిటుకు మన వంటింటికి తెలియనిది కాదు. నూనె అంటిన గిన్నెకు నీరు పట్టదు గదా! తెల్లని నూలుబట్టపై కరగిన మైనముతో చిత్రము వ్రాయుదురు. జావాద్వీపపు స్త్రీలు ఇందుకు చాంతింగ్ అను పనిముట్టు వాడుదురు. చిటికెడంత రాగిగిన్నె, దానికి సన్నని కొమ్ము, పట్టుకొనుటకు పిడి. ముగ్గుపిండి వ్రేళ్లసందునుండి జాఱినట్లు మైనము ఆ కొమ్మునుండి జాఱును. త్వరగా కావలెనన్నచో చాప్ అను రాగి అచ్చును మైనములో ముంచి అద్దుదురు. మైనమున్న చోటికి రంగు పోదు. లేతరంగు మొదట, ముదురురంగు పిమ్మట. రంగు తొట్టి వేడిగా నుండరాదు; ఉన్నచో మైనము కరగి చిత్రము చెడును. పనియంతయు ముగిసిన తరువాత మరుగునీటిలో వేసి మైనమును దింపివేయుదురు.

నన్ను మరులుగొల్పిన ఆ సాలెగూటి గీతలు మైనపు పగుళ్లు. తేనెమైనము మెత్తనిది, మడచిన వంగునే గాని పగులదు. పారఫిన్ మైనము పెళుసు. రెండును కలిపినప్పుడు పారఫిన్ ఎక్కువైనకొలది పగుళ్లెక్కువ. ఆ పగుళ్లలోనికి రంగు దిగి గీత లేర్పడును. పోయిన పండుగకు కాగిన పాలు విఱిగినవని నేనేడ్చిన, అత్తగారు వానితో కోవా చేసిరి; ఈ గీతలను చూచినప్పుడెల్ల నాకది జ్ఞప్తికి వచ్చును. కుట్టువారికి మఱియొక లాభము గలదు. మైనమును రంగును బట్ట అడుగువఱకు ఇంకుటచేత మంచి బాతిక్‌కు తిరుగువైపు ఉండదు. ముక్క నెటు త్రిప్పి అతికినను చెల్లును.

ఈ విద్యకు పుట్టినిల్లువలె జావాను చెప్పుదురు. అక్కడి దొరతనము చేసిన రాఫిల్స్ 1817లో అచ్చువేయించిన జావా చరిత్రమునందు దీనిని వర్ణించెను. 2009లో యునెస్కోవారు ఇండొనీషియా బాతిక్‌ను మానవజాతి సాంస్కృతికవారసత్వపు పట్టికలో చేర్చిరి. 1927లో రవీంద్రనాథ ఠాకూరు ఆ ద్వీపయాత్ర చేసివచ్చిన పిమ్మట శాంతినికేతనమునను ఈ పని వేళ్లూనినది. నేడు కచ్ఛదేశమున ముంద్రాలోను, ఉజ్జయిని చెంత క్షిప్రానది యొడ్డునగల భైరవగఢ్‌లోను అద్దకపువారు బాతిక్ చేయుచున్నారు. ముంద్రాలో కొయ్య అచ్చులను మైనములో ముంచి వేయుదురు. ఇదంతయు పరాయిదని తలంపవలదు. మన బందరు, కాళహస్తి ప్రాంతముల కలంకారీ పనివారు పూర్వము నీలిరంగు వేయునప్పుడు నీలి పట్టగూడని చోటులను మైనముతోనే కప్పుచుండిరి. పదునేడవ శతాబ్దమున డచ్చివారు బందరులో వర్తకశాల పెట్టి, మన తీరపు బట్టలను ఓడలకెత్తి, ద్వీపాంతరములలో లవంగములకును జాజికాయలకును మార్చుకొనుచుండిరి. ఆ బట్టలు కట్టిన జావా స్త్రీలు వానిని చూచి ఏమనుకొనిరో!

మేమున్నది బందరునకు దాపున నొక గ్రామము. మావారు అక్కడి ఉన్నతపాఠశాలలో గణితోపాధ్యాయులు. నేను మొదట ఒక మీటరు బాతిక్ గుడ్డ తెచ్చి మా అమ్మాయికి బడిసంచి కుట్టితిని. దానిని చూచి ప్రక్కయింటివారు కూరల సంచియు, ఎదురింటి పిన్నిగారు గుడికి పోవుటకు చేతిసంచియు కుట్టించుకొనిరి. గుడ్డ వారిది, కుట్టు నాది. ఒకరు పనసతొనలు, ఒకరు గుమ్మడికాయ యిచ్చిరి. అంతవఱకు బాగుగనే యున్నది.

2023 మాఘమాసమున మా పెదనాన్నగారి కూతురు, మా అక్క, తన కొమార్తె వివాహము నిశ్చయించి నాతో ఫోనున మాటాడినది. "ఏమే, మా అమ్మడి పెళ్లికి తాంబూలం సంచులు నువ్వే కుట్టిపెట్టాలి. మగపెళ్లివారికి ప్రత్యేకంగా ఉండాలి. అరవై చాలు. నీకు శ్రమ ఊరికే వద్దులే, సంచికి అరవై రూపాయలిస్తాను" అనినది. అరువదింటిని అరువదితో గుణించిన 3600 రూపాయలు. నా జీవితమున నా చేతిపనికి ఎవరును రూపాయల లెక్క చెప్పుట అదియే మొదటిసారి. ఫోను పెట్టివేసిన పిమ్మట వంటింటిలో నిలుచుండి ఆ అంకెను రెండుసార్లు బిగ్గరగా అనుకొంటిని.

గుడ్డ కొనుటకు బయానా అడుగవలసినది. అక్కను ఎట్లడుగుదును? పెండ్లి ఖర్చులలో నున్నది, పైగా రక్తసంబంధము. మా యింట బియ్యపు డబ్బా వెనుక ఒక డబ్బాలో మా అమ్మాయి సైకిలు కొఱకు మావారు నెలకు 500 రూపాయల వంతున ఇచ్చిన సొమ్ము ఉండెను. వేసవి సెలవులు గడచి బడి తెఱచునాటికి సైకిలు కొందుమని దానికి మాట యిచ్చియుంటిమి. పెండ్లి కాగానే సొమ్ము చేతికి వచ్చును గదా, ఎవ్వరికిని తెలియకుండ మఱల పెట్టివేయవచ్చునని అందులోనుండి 2000 తీసితిని. మావారితో చెప్పలేదు.

సంచి కొలతలు చెప్పెదను; పనికివచ్చును. బట్ట పన్నా 44 అంగుళములు. పదునొకండంగుళముల వెడల్పు, ఇరువదియాఱంగుళముల పొడవుగల ముక్క నడుమకు మడచినచో అడుగున కుట్టు లేకుండ సంచి యగును. పన్నాలో నాలుగు ముక్కలు వృథా లేక వచ్చును. కాడలకు రెండున్నర అంగుళముల పట్టీలు. మొత్తము పదునాలుగు మీటర్లు పట్టినది. మీటరు 130 రూపాయలు. ఎఱుపు, నీలము, ఆవపచ్చ మూడు రంగులు తెచ్చితిని. అస్తరు వేసినచో ఖర్చు పెరుగునని మానితిని. అత్తగారు అరుగుమీదనుండి, "గుడ్డ తడిపి ఆరేశావా అమ్మాయీ?" అని అడిగిరి. "తడిపితే కొత్త నిగ పోతుంది అత్తయ్యగారూ" అంటిని. ఆమె మాఱు పలుకలేదు. ఆమెకు అప్పటికే కంటిలో పొర కమ్మి, బట్ట మెఱుపు నా మాటను బట్టి ఊహించుకొనవలసియుండెను.

రాత్రి తొమ్మిది మొదలు పండ్రెండువఱకు, పదునొకండు రాత్రులు కుట్టుమిషను త్రొక్కితిని. అరువది సంచులును వరుసగా పేర్చినప్పుడు ఇల్లు పూలతోటవలె నుండెను. మావారు కూడ చూచి మెచ్చుకొనిరి. గుడ్డ అక్కయ్యగారే పంపినదని ఆయన తలంచిరి, నేను దిద్దలేదు.

పెండ్లిలో తమలపాకులు వాడకుండ తడిగుడ్డలో చుట్టి పెట్టుదురు గదా. కొబ్బరికాయలు అప్పుడే కడిగినవి. ఆ తడియాకులు, తడికాయ, అరటిపండ్లు, రవికగుడ్డ సంచిలో పెట్టి మగపెండ్లివారికి ఇచ్చుచుండిరి. నేను నా పనిని నలుగురు మెచ్చుకొనుట వినవలెనని స్తంభము ప్రక్కనే నిలుచుంటిని. మా అక్క వియ్యపురాలు సంచిని ఒడిలో పెట్టుకొని కూర్చుండెను. ఆమె కట్టినది మీగడరంగు పట్టుచీర. కొంతసేపటికి ఆమె లేచునప్పటికి ఒడిలో అరచేయియంత ఎఱ్ఱని మరక. ఇంతలో ఇంకొకరి పంచెమీద, మఱియొకరి చేతులమీద. ఎఱ్ఱసంచి పట్టినవారికెల్ల అదియే. ఎవరో "నెత్తురేమో" అనిరి. ఆ మాటకు మా అక్క మొగము పాలిపోయినది. పెండ్లికుమారుని నాయనమ్మగారు మాత్రము, "పెళ్లిలో పసుపూ కుంకుమా మరకలు కొత్తా? ఎరుపేగా, శుభం" అని సర్దుటకు చూచిరి. వియ్యపురాలు నవ్వలేదు. పంచగా మిగిలిన యిరువదిరెండు సంచులను మా అక్క తమ్ముడు మాటాడక ఒక గోనెలో వేసి నా చెంత పెట్టి పోయెను.

మఱునాడు అక్క నా చేతిలో సొమ్ము పెట్టబోయినది. "నిన్ను అనాలని కాదు చెల్లీ. కానీ వాళ్ల ముందు నా తల వంగిపోయింది" అని కంట నీరు పెట్టుకొనినది. నేను సొమ్ము తీసుకొనలేదు. ఆ పట్టుచీర మరక పోక, దానికి ముదురు మెరూన్ రంగు వేయించిరని పిమ్మట తెలిసినది.

తిరిగి వచ్చునప్పుడు బస్సులో మావారు గోనెసంచిని చూచి, "గుడ్డకు డబ్బు అక్కయ్యగారు ఇవ్వలేదా?" అని అడిగిరి. చెప్పితిని. ఆయన కిటికీలోనుండి బయటికి చూచుచు కూర్చుండిరి. రెండు దినములు నాతో అవసరమైనంత మాత్రమే మాటాడిరి. మూడవనాటి రాత్రి ఒక కాగితము తెచ్చి నా యెదుట పెట్టిరి. 3600లో 2000 పోగా 1600. పదునొకండు రాత్రులు, రాత్రికి మూడు గంటలు, ముప్పదిమూడు గంటలు. గంటకు 48 రూపాయలు. "నీ లెక్కలో గుడ్డ ఉంది, దారం ఉంది. నీ చేతులు లేవు. నన్నడిగితే లెక్క చూసేవాణ్ణి గదా" అనిరి. "అడిగితే వద్దనేవారు" అంటిని. ఆయన కొంతసేపు ఆలోచించి, "అనేవాణ్ణేమో" అనిరి. అబద్ధమాడక అంతమాత్రము ఒప్పుకొన్నందుకు నాకు కొంత ఊరట కలిగినది. కాని నేను చెప్పకుండుట తప్పే. ఆయన ఆ సంగతి మఱల ఎత్తలేదు, నేను మఱచిపోనులేదు.

జూనులో బడి తెఱచిరి. సైకిలు లేదు. నాలుగు నెలలు, వానకాలమంతయు, అమ్మాయి గొడుగు పట్టుకొని మైలున్నర నడిచి పోయినది. నన్ను ఒక్కమాట అనలేదు. అని యుండినచో బాగుండెడిది. ఆ దసరాకు సైకిలు వచ్చినది.

గోనెసంచి మంచము క్రింద పడియుండెను. దానిని చూడ మనసొప్పక ఎవరికైన ఇచ్చివేయుదునంటిని. అత్తగారు, "తప్పు చేసింది గుడ్డ కాదుగా, ఉతక్కుండా కుట్టడం. ఇప్పుడు ఉతుకు" అనిరి. ఆ సమయముననే పెడనలో మాకు తెలిసినవారి యింట శుభకార్యమునకు పోయి, అక్కడి కలంకారీ అద్దకపువారు పని చేయుట చూచితిని. కరక్కాయ రసములోను గేదెపాలలోను ముంచి ఆరవేసిన గుడ్డ, పటిక పెట్టి అద్దిన అచ్చులు, పిమ్మట ఉడుకబెట్టుట, ఇవన్నియు ఒక యెత్తు. పాఱునీటిలో ఉతుకుట ఒక యెత్తు. మోకాటిలోతు నీటిలో నిలుచుండి గుడ్డను పాఱవేసి, ఈడ్చి, మఱల పాఱవేయుచున్న పెద్దాయనను ఎంతసేపు ఉతుకుదురని అడిగితిని. "నీళ్లు తేటగా పోయేదాకా అమ్మా. గంట అని చెప్పలేం" అనెను. నేను కొన్న గుడ్డను ఎవ్వరో అట్లు ఉతుకలేదు. బట్టకు పట్టక పైపైన నిలిచిన రంగును ఉతికి విడిపింపనిచో, మొదటి తడికే అది వెలికి వచ్చును. ముదురు ఎఱుపులో ఇది యెక్కువగా బయటపడును.

ఉప్పునీటిలో నాననిచ్చిన రంగు నిలుచునని కొందఱును, వినిగరు పోయవలెనని కొందఱును చెప్పుదురు. నేను రెండును చేసి చూచితిని. అద్దకము ముగిసి అంగడికి వచ్చిన నూలుగుడ్డలో పట్టు చాలని రంగును ఇవి నిలుపలేవు. ఆ రంగును పోనిచ్చుటయే దారి. సంచుల కుట్లు విప్పితిని. ఒకదానిని మాత్రము విప్పక కుట్టుమిషనుపై మేకుకు తగిలించితిని, ఇప్పటికిని అక్కడనే యున్నది. తక్కిన యిరువదియొకటిని రంగుల వారీగా వేఱుచేసి, వేడి సబ్బునీటిలో నానబెట్టితిని. నీరు చల్లాఱినప్పుడు పైన పలుచని తెట్టె కట్టినది. అది మిగిలిపోయిన మైనము. దానిని చెంచాతో తీసి పాఱవేసితిని. ఎఱుపు మొదటి నీరు పారాణివలె, రెండవది దానిమ్మరసమువలె, నాలుగవది రోజాపూవువలె నుండెను. ఏడవది తేటయైనది. అప్పుడు తెల్లని గుడ్డపీలికను తడిపి ఒక్కొక్క ముక్కపై గట్టిగా రుద్ది చూచితిని. పీలిక తెల్లగనే యున్నది. నీడపట్టున ఆరవేసి, ఇంకను బిగిసికొనియున్నచోట తెల్లకాగితముల నడుమ పెట్టి ఇస్త్రీ చేసితిని. మైనము కాగితమునకు అంటును. మైనమున్న గుడ్డలో సూది ఆగి ఆగి పోవును, కుట్టువారికి వ్రేలు నొచ్చును.

ఎఱుపు పూర్వపు పొగరు పోయి, నానిన కందిపప్పు ఛాయకు వచ్చినది. నీలము ఆవపచ్చలు అంతగా తగ్గలేదు. నాకు ఇట్లే బాగుండెననిపించినది.

ఒక్కొక్క ముక్కనుండి అయిదున్నర అంగుళముల చదరములు ఎనిమిది వచ్చినవి. మొత్తము నూటయరువదియెనిమిది. వరుసకు పండ్రెండు వంతున పదునాలుగు వరుసలు. కుట్లు పోగా అఱువదంగుళముల వెడల్పు, డెబ్బది అంగుళముల పొడవు. నేను చదరంగపు బల్లవలె రంగు విడిచి రంగు పేర్చుచుండగా అత్తగారు చేతితో తడవి, "ఇదేమిటి, లెక్కల మాస్టారి భార్యవని చెప్పుకోవాలా? రెండు ఎరుపులు పక్కపక్కన పడితే పడనీ" అనిరి. కనబడక ఎట్లు చెప్పగలిగిరని అడిగితిని. నేను ముక్క తీసి పెట్టు చప్పుడు గడియారమువలె నున్నదట!

బొంత అడుగునకు మావారి పాత పంచె. నడుమ మూడు పాత నూలుచీరలు. రెండు అత్తగారివి, ఒకటి నాది. నడుమ వేయు చీర చిరిగినదైనను పరవాలేదు గాని, జరీ అంచు విప్పివేయవలెను, లేనిచో గ్రుచ్చుకొనును. నేలపై చాపవేసి అన్నియు పఱచి, నలుమూలల రోలు, రుబ్బుపొత్రము, రెండు ఇటుకలు బరువు పెట్టితిమి. మొదట పెద్దపెద్ద కుట్లతో తాత్కాలికముగా పట్టించవలెను. ఆ పట్టింపు నడుమనుండి అంచులకు పోవలెను. అంచునుండి నడుమకు వచ్చినచో ముడుతలన్నియు పొట్టలోనికి చేరి బొంత ఉబ్బును. నేను ఒకమూల మొదలుపెట్టగా అత్తగారు నా మణికట్టు పట్టుకొని నడుమకు తెచ్చిరి. పిమ్మట అసలు కుట్టు. లావు నూలుదారమును తేనెమైనపు బిళ్లపై ఒకసారి లాగినచో చిక్కుపడదు. వ్రేలెడు ఎడముతో వరుస వెంబడి వరుస. ఒక్కసారికి సూదిపై నాలుగు కుట్లు ఎక్కించి లాగవలెను. బాతిక్ బట్ట నేత చిక్కనైనచో అంగుస్తాను లేక పని సాగదు.

ఆ మధ్యాహ్నములు నాకు మిక్కిలి ఇష్టమైనవి. అత్తగారు ఒకవైపు, నేనొకవైపు. ఆమె కుట్టు కంటికి వంకర, చేతికి తిన్నన. వ్రేళ్లతో ముందు కుట్టును తడవి తరువాతిది వేయుచుండిరి. ఆమె తల్లి ప్రసవించిన ప్రతిసారియు ఏ చీర బొంతలోనికి పోయినదో, ఏ బొంత ఎవరి వంతునకు వచ్చినదో చెప్పుచుండిరి. తమకు పెండ్లియైన క్రొత్తలో మామగారితో చెప్పక వడ్లు అమ్మి రేడియో కొన్న కథ కూడ ఆ బొంతమీదనే విన్నాను. అది ఆమె ఎందుకు చెప్పిరో నాకు తెలిసినది, తెలిసినట్లు కనబడలేదు.

చదరములు పోగా ప్రతి ముక్కకును నాలుగంగుళముల పీలిక యొకటి మిగిలినది. ఆ యిరువదియొక పీలికలను మూడు వంతున ఏడు వరుసలు అతికిన, పసిబిడ్డకు సరిపడు చిన్న బొంత యైనది. సంచి కాడల పట్టీలు విప్పి రెండింటికిని అంచు కట్టితిని. సంచిలో ఏదియు వృథా పోలేదు.

2024 వైశాఖమున మా అక్క కూతురు పుట్టినింట మగపిల్లవాని ప్రసవించినది. బారసాలకు పోవుచు రెండు బొంతలును తీసికొనిపోవుదునా మాననా యని తలుపు దగ్గఱ నిలుచుంటిని. మావారు సంచి అందుకొని ముందు నడచిరి. అక్క బొంతలను చూచి అవి యేమి గుడ్డలో వెంటనే గుర్తుపట్టినది. ఏమియు అనక పెద్దది బాలింతరాలి మంచముపై పఱచి, చిన్నదానిలో పిల్లవానిని చుట్టినది.

వియ్యపురాలు వచ్చిరి. చందనపు రంగు పట్టుచీర. అక్క పిల్లవానిని బొంతతోసహా తెచ్చి ఆమె ఒడిలో పెట్టినప్పుడు నేను గోడప్రక్కకు జరిగితిని. పేరు బియ్యములో వ్రాయుచుండగా పిల్లవాడు పిల్లలు చేయుపనియే చేసినాడు. ఆమె ఉలిక్కిపడి పిల్లవానిని ఎత్తిరి. గదిలోని వారందఱును పిల్లవానిని గాక ఆమె ఒడిని చూచిరి. ఆమెయు చూచుకొనిరి. చీర తడిసినది. తడి తప్ప మఱేమియు లేదు. ఆమె బొంత కొన తీసి, తడిసినచోట బొటనవ్రేలితో గట్టిగా రుద్ది, వ్రేలిని వెలుతురునకు పట్టి చూచుకొనిరి.

"ఎన్ని నీళ్లు పోశావమ్మాయీ?" అని నన్నడిగిరి.

"ఏడు నీళ్లండీ" అంటిని.

భోజనములైన పిమ్మట ఆమె నన్ను ప్రక్కకు పిలిచి, తమ మంచమునకు సరిపడు పెద్దది యొకటి కుట్టిపెట్టగలనా యని అడిగిరి. మెరూన్ రంగు వేయించిన చీర చిరిగినదట, అదికూడ అందులో కలుపవలెనట. కుట్టెదనంటిని. గుడ్డకును దారమునకును నా చేతులకును కలిపి ఎంతయగునో మావారి కాగితమును మనసున పెట్టుకొని లెక్కవేసి చెప్పి, బయానా అడిగితిని.